ముద్ర చెడని చెంబు

చింతాద్రిపేటలో మా వీధి వాసి ఏకాంబరం నాయుడి గురించి చాలా మాటలు చలామణీలో ఉన్నాయి. ప్యాంటు వెనక జేబులో బ్రాందీ పెట్టుకుని తిరిగే తాగుబోతని చేపల మార్కెట్టు వైపు వాళ్ళు అంటారు. ఆయన భార్య హైమవతమ్మ ఏడాది పొడవునా ఆస్పత్రిలోనే ఉందని, ఆ మనిషి పాపం రెండు పూటలా ఫ్లాస్కులు మోస్తున్నాడని కొంతకాలం ఒక పుకారు నడిచింది. కూరగాయల బండి దగ్గర బెండకాయలు విరిచి చూస్తున్న హైమవతమ్మకే ఈ సంగతి చెప్పి సానుభూతి తెలిపినవారున్నారు. ముసలి కన్నియమ్మను మాయచేసి ఆమె గంగ చెంబు కాజేశాడని ఒక వర్గం. అదే చెంబులోని గంగతో ఆమె ప్రాణం నిలబెట్టాడని ఇంకో వర్గం. వీరిలో ఇద్దరు ఖాళీ సీసాలు పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కారు కూడా. చిలుం పట్టిన నీళ్ళు తాగించి ఆమెను చంపబోయాడని, ఆమె గట్టి పిండం కాబట్టి బతికిందని మరికొందరు.

ఇవన్నీ తప్పు. ఊరికే అనడం లేదు. ఏకాంబరం ఉన్న భవనంలోనే నేను కింది అంతస్తులో ఉంటాను. మొదటి అంతస్తు కన్నియమ్మ కుటుంబానిది, రెండోది ఏకాంబరానిది. మా మెట్లు ఒకటే కాబట్టి ఎవరి ఇంటికి ఏది వెళ్ళినా నా గుమ్మం ముందునుంచే వెళ్ళాలి. కొంత కళ్ళారా చూశాను. చూడనిది, ఒకరితో ఒకరికి పడని ఇద్దరి నోట ఒకేలా విన్నప్పుడే ఇక్కడ రాస్తున్నాను.

ఏకాంబరం అంబత్తూరులో పంపులు తయారుచేసే ఒక కర్మాగారంలో స్టోర్సు సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాడు. స్టోర్సు గదికీ యంత్రాలు దడదడలాడే ప్రెస్సు షాపుకీ మధ్య ఒక రేకు గోడే ఉండటం వల్ల ఆయన ఎడమ చెవి దాదాపు పోయింది, కుడి చెవి సగం మిగిలింది. అటువంటివారికి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆయన ఎవరికైనా రహస్యం చెబితే ఎదురింటి కుక్క లేచి నిలబడుతుంది. ఈ వివరం ఎగతాళికి చెప్పడం లేదు. ముందు ముందు అవసరమవుతుంది.

రిటైరైన కొత్తలో పాత ఫ్యాను రెగ్యులేటరు కోసం పల్లావరం శుక్రవారం సంతకు వెళ్ళి, అది లేకుండా, వంపు తిరిగిన ఒక చిన్న లోహపు సీసాతో ఇంటికి వచ్చాడు. పూర్వం తెల్లదొరలు వేటకు వెళ్ళేటప్పుడు అటువంటి సీసాలో బ్రాందీ పోసుకుని, తుంటి మీద ఒదిగేటట్టు జేబులో పెట్టుకునేవారట. ఏకాంబరం జన్మలో మద్యం ముట్టినవాడు కాదు. అందులో మజ్జిగ పోసుకునేవాడు. మే డే పార్కులో పొద్దుటి నడక మధ్య బెంచీ మీద కూర్చుని, మూతి పెదవికి తగలకుండా సీసా పైకెత్తి, నోట్లోకి ధారగా వంచుకునేవాడు. ఎంగిలి చేయరాదన్నది ఆయన పెంపకం. అయితే ఆ సీసా మూతి సన్నం, మజ్జిగలో కరివేపాకు ఉంటుంది. ఆకు అడ్డుపడినప్పుడల్లా తల ఇంకా వెనక్కి వాల్చి, సీసాను కుదిపి, ఒక కన్ను మూసి రెండో కంటితో మూతిలోకి చూసేవాడు. పొద్దున్నే పార్కు బెంచీ మీద ఈ భంగిమను చూసినవారు ఏమనుకుంటారో ఊహించగలను. అనుమానానికి వారికి ఆధారం ఉంది, నిర్ధారణకు లేదు. నేను ఆ సీసా అడిగి తీసుకుని వాసన చూశాను. ఇంగువ.

ఒకటితో మొదలైనది ఒకటితో ఆగలేదు. ప్రయాణాలకు తీసుకుపోయే మూత బిగించే మరచెంబులు, సిపాయిలు భుజానికి వేలాడదీసుకున్న గోనెగుడ్డ చుట్టిన నీళ్ళ సీసాలు, కొమ్ము ఉన్న గిండ్లు, మెడ విరిగిన కూజాలు, అన్నీ ఇంట్లోకి చేరాయి. పుస్తకంలో ఎక్కడో చదివి వీటన్నింటినీ ఆయన ఫ్లాస్కులనేవాడు. అక్కడ వచ్చింది చిక్కు. మన వీధుల్లో ఫ్లాస్కు అంటే ఒకటే: లోపల గాజు గొట్టం, పైన గిన్నెలాంటి మూత, కాఫీని వేడిగా ఉంచేది, ఇంట్లో ఎవరో ఒకరు ఆస్పత్రిలో పడితే తప్ప అలమర దిగనిది. “పాత ఫ్లాస్కులుంటే పారెయ్యొద్దు, నాకియ్యండి” అని ఆయన టీకొట్టు దగ్గర ఒక స్నేహితుడికి రహస్యంగా చెప్పాడు. వీధి మొత్తం విన్నది, వీధి మొత్తం ఇచ్చింది. మరుసటి నెల ఏకాంబరం మెట్లెక్కినప్పుడల్లా చంకలో ఒక ఫ్లాస్కు ఉండేది. చేతిలో ఫ్లాస్కు ఉన్న మనిషిని చెన్నైలో ఎవరూ “ఏమిటిది?” అని అడగరు, “ఎవరికి? ఏ ఆస్పత్రి?” అని అడుగుతారు. ఆయన సరిగా వినక “అంతా ఇంట్లోనే” అని జవాబిచ్చేవాడు. హైమవతమ్మ జబ్బు పుట్టింది అలాగే. మొదట ఒకరు బత్తాయిలు తెచ్చారు, తర్వాత ఒకరు హార్లిక్స్ తెచ్చారు. రెండూ పుచ్చుకుని, తెచ్చినవారికి హైమవతమ్మే కాఫీ ఇచ్చింది.

“ఇంటినిండా తాగే సామానే. దాహమైతే మాత్రం పక్కింటికి పోవాల” అని ఆమె నాతో అంది. “చెంబు ముట్టుకుంటే ఆయనకు గుండె ఆగిపోతాది సార్. లారీ నీళ్ళొచ్చిన పొద్దు కూడా ఒక్క చెంబు పట్టనీడు.”

ఇచ్చిన ఫ్లాస్కుల్లో చాలావాటి గాజు బాగానే ఉంది. తిరిగి ఇస్తే ఇచ్చినవారు నొచ్చుకుంటారు. ఏకాంబరం వాటిని కడిగి ఆరబెట్టి, అటకల మీద పడివున్న పాత చెంబులకు మారకం వేయడం మొదలుపెట్టాడు. ఇందులో మోసం ఉందా అని నేను విచారించాను. ఇచ్చినవారు సంతోషంగానే ఇచ్చారు, పుచ్చుకున్నవారు సంతోషంగానే పుచ్చుకున్నారు. ఒక్క సందర్భంలో మాత్రం చెంబు అసలు సొంతదారును ఎవరూ అడగలేదు. ఈ కథంతా ఆ ఒక్క సందర్భానిదే.

కన్నియమ్మ కొడుకు పళని. మోటారు విడిభాగాల కొట్టు నడుపుతాడు. ఇంటికి సున్నం వేయించే సమయంలో అటక ఖాళీ చేస్తూ, కమలాపండంత రాగి చెంబు ఒకటి పట్టుకుని పైకి వెళ్ళాడు. మెడ సన్నం, మూత తగరంతో అతికి ఉంది. కాశీ వెళ్ళినవారు గంగ పట్టించి, మూసి, ఇంటికి తెచ్చే చెంబు. పాత ఇళ్ళలో పెద్దవారి చివరి ఘడియకని ఒకటి దాచేవారు. ఆ సమయంలో మూత కోసి నోట్లో గంగ పోస్తారు.

“అన్నా, ఇది మా అమ్మది. అటక మీద బూజుపట్టి ఉండాది. ఎత్తుకో. ఆ రోజాపువ్వు బొమ్మ ఫ్లాస్కు నాకియ్యి.”

“అమ్మనడిగినావా?”

“అమ్మకు గ్యాపకం యాడుండాది అన్నా! పొద్దున తిన్నదేందో అడుగు, చెప్పలేదు.”

ఏకాంబరం ఒకసారి అడిగాడు. అది ఆయన పక్షాన రాయాలి. రెండోసారి అడగలేదు. అది ఎదుటి పక్షాన రాయాలి.

ఆ చెంబు ఇంటికి వచ్చాక ఆయనకు మిగతా సామాను మీద మనసు పోయింది. చింతపండుతో తోమి మెట్ల వైపు కిటికీలో పెట్టాడు. సాయంత్రపు ఎండ పడితే అది మా వాకిట్లోకి కూడా మెరుపు విసిరేది. మూత మీది తగరంలో చుట్టూ రేకులతో ఒక ముద్ర ఉంది. భూతద్దం పెట్టి రేకులు లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. “ఇరవై ఒక్క రేకుల పద్మం సార్! కాశీలో ఏదో ఒక పాత వంశం వాళ్ళ గుర్తు అయ్యుంటాది. ఇట్లాంటిది ఇంకో చోట ఉన్నట్టు నేను చూడలా” అని నాకు చెప్పాడు. ఇంకో చోట లేదన్నది నిజమే. రోజూ చెంబును కుడి చెవి దగ్గర మెల్లగా ఊపేవాడు. లోపల గంగ పలుకుతోందనేవాడు. తనకేమీ వినపడలేదని హైమవతమ్మ అంటే, “నీకు వినికిడి తక్కువ” అన్నాడు. ఈ ఒక్క మాట ఆమె ఇంకా మరిచిపోలేదు.

ఇంతలో ఎగ్మూరులో పాత వస్తువులు సేకరించేవారి సంఘమొకటి ప్రదర్శన పెడుతూ, మొదటిసారి ఆయనకు ఒక బల్ల కేటాయించింది. ఎన్నో ఏళ్ళు ఇతరుల బల్లల ముందు చేతులు వెనక కట్టుకుని నిలబడ్డ మనిషికి ఇది చిన్న విషయం కాదు. కార్తికేయ అనే ఆ సంఘం కార్యదర్శి స్వయంగా వచ్చి, చెంబు చూసి, “ముద్ర చెడకుండా ఉందండీ! అదే దీని గొప్పదనం. తెరిచిన చెంబులు సౌకార్‌పేటలో తట్టలకొద్దీ దొరుకుతాయి” అన్నాడు. ఆ మాటనే అట్ట మీద రంగుతో రాయించారు: ‘ముద్ర చెడని గంగ చెంబు’. ప్రదర్శన ఆదివారం.

గురువారం మధ్యాహ్నం కన్నియమ్మ చనిపోతున్నానని ప్రకటించింది.

ఆమె ఇలా ప్రకటించడం మొదటిసారి కాదు. కానీ ఈసారి ముందు రోజు నుంచీ ముద్ద ముట్టలేదు, గొంతు పీలగా ఉంది. డాక్టరు వచ్చి నాడి నీరసంగా ఉందని, వయసు కదా అని అన్నాడు. అది నిర్ధారణ కాదు, కానీ విన్నవారు దాన్ని నిర్ధారణగానే తీసుకున్నారు. నన్ను పెద్దమనిషిగా పిలిస్తే వెళ్ళాను. మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్న కన్నియమ్మ ఒకే మాట అంటోంది: “నా చెంబు తీసకరా పళనీ. అటక మీదుండాదని చెప్పితివే, ఆ చెంబు.”

పళని మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబడింది. రెండేసి మెట్లు ఎక్కి పైకి పరుగెత్తాడు. పైన జరిగిన సంభాషణ హైమవతమ్మ చెప్పింది, పళని కాదనలేదు. ఏకాంబరం మాటలైతే కిందికే వినపడ్డాయి.

“అన్నా, ఒక్కసారి ఆ చెంబియ్యన్నా. అమ్మకు చూపించి పది నిమిషాల్లో తెచ్చేస్తా.”

“చూపిస్తే ఊరుకుంటాదా? తెరవమంటాది.”

“తెరిస్తే ఏమన్నా? చెంబు మల్లా నీకే.”

“తెరిచినాక అది చెంబు. ఇప్పుడది ముద్ర చెడని చెంబు. ఆదివారం బల్ల మీద పెట్టాల. పళనీ, నేనొకటి చెప్తా కోప్పడవద్దు. పెద్దమ్మను సోమవారం దాకా ఆగమను.”

ఆ తర్వాత హైమవతమ్మ గొంతు.

“ఏమండీ, ఆగమనేదానికి మీరేమన్నా యముడి దగ్గర స్టోర్సు సూపర్‌వైజరా? ఇండెంటు వెనక్కు పంపిస్తారా?”

ఏకాంబరం బీరువా వెనక వెతికి మరో గంగ చెంబు తీశాడు. అది సౌకార్‌పేటలో ఒక పాత్రల కొట్టు నుంచి తెచ్చినది, దాదాపు అదే సైజు, అదే రంగు, అదీ మూసి ఉన్నదే. గంగ ఎక్కడిదైనా గంగే అన్నది ఆయన వాదం. ఆ వాదంలో బలం లేకపోలేదు. ఆ చెంబే చేతికిచ్చి పళనిని కిందికి పంపాడు.

కన్నియమ్మ కళ్ళు తెరవలేదు. చెంబు అందుకుని బొటనవేలితో దాని పొట్టంతా ఒకసారి తడిమింది.

“సొట్ట యాడ?”

“ఏం సొట్టమ్మా?”

“నేను కాపరానికొచ్చిన కొత్తలో కింద పడేస్తే పడిన సొట్ట. మా అత్త ముప్పై ఏళ్ళు దెప్పిన సొట్ట. అది లేకండా నేను పోను.”

“ఐయో అవ్వా, తన్నీ దానే! ఏ నీళ్ళైతే ఏంది?” అంది మనవరాలు సరణ్య.

“నువ్వు మాట్లాడబాకమ్మే. నీకు తెలుగే సరిగ్గా రాదు, గంగ గురించి నాకు చెప్తావా?”

చనిపోతున్న మనిషి మాటలో ఇంత పదును ఉండటం నేను గమనించాను. కానీ గమనించినదంతా ఆ సమయంలో బయటికి చెప్పేది కాదు. పళని మళ్ళీ మెట్లెక్కాడు. ఈసారి బతిమాలలేదు, గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడట. “సొట్ట అడగతా ఉండాదన్నా” అన్నాడట, అంతే.

ఏకాంబరం తానే చెంబు తీసుకుని దిగాడు. రెండు చేతులతో, ముందు పాదం తడిమి పెట్టి తర్వాత బరువు వేస్తూ దిగాడు. వెనక హైమవతమ్మ. అప్పటికి మెట్ల నిండా జనం చేరారు. కన్నియమ్మ చెంబు తడిమింది. సొట్ట దగ్గర వేలు ఆగింది. మొహం మీద ఏదో కదిలింది. అది బాధ అని అందరూ అనుకున్నారు.

“తెరువు” అంది.

పళని కొట్టు నుంచి కటింగు ప్లేయరు తెప్పించి ఉంచాడు. ముందుకు వంగబోయాడు. ఏకాంబరం చెంబును ఛాతీకి అదుముకున్నాడు.

“నువ్వు ముట్టుకోబాక. నేనే తెరుస్తా” అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన గట్టు మీద తువ్వాలు పరిచి, దాని మీద చెంబు పెట్టి, ప్లేయరు ముక్కును తగరం అంచుకు ఆనించి, ఆగాడు. పెళ్ళికొడుకు తాళి కట్టేటప్పుడైనా అంత ఆలస్యం చేయడు. అప్పుడు ఆయన ఏ లెక్క వేసుకున్నాడో నాకు తెలియదు. ఎగ్మూరు బల్ల, రంగుతో రాసిన అట్ట, ఆయన కళ్ళ ముందు ఉండే ఉంటాయి. మూత కోశాడు. పద్మం రెండు ముక్కలై గట్టు మీద పడింది.

చెంబు వంచాడు. చుక్క రాలేదు. బోర్లించి తట్టాడు. చిటికెడు పచ్చటి చిలుం రాలింది.

“రోజూ పలికిందన్నారే, అదేనా?” అంది హైమవతమ్మ. కానీ మెల్లగా అంది, ఆయన వినకుండా.

చిలుం పట్టిన రాగిలో ఏమీ తాగరాదని ఏకాంబరానికి తెలుసు. చింతపండు తీసుకుని చెంబులోకి వేలు పట్టినంత మేర రుద్ది, ఉప్పు పోసి గలగలలాడించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగాడు. విషం సంగతి అనేవారు ఇది గుర్తుంచుకోవాలి. కడగడం నేను చూశాను. తర్వాత మూలనున్న నీళ్ళ క్యాను వంచి చెంబు నింపాడు. హైమవతమ్మ తులసి దళం ఒకటి వేసింది. ఇది గంగ కాదని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆ క్షణంలో అది అబద్ధమే. చెంబు అబద్ధంతో నిండి వంటింటి గడప దాటింది.

మంచం దాకా వచ్చి, చెంబు వంచబోయి, ఏకాంబరం ఆగిపోయాడు. నోటిదాకా తెచ్చిన చెంబును వెనక్కి తీసి, కన్నియమ్మ చెవి దగ్గరకు వంగి, రహస్యంగా చెప్పాడు.

“పెద్దమ్మా! చెంబులో గంగ లేదు! ఎండిపోయుండాది! ఇది క్యాను నీళ్ళు!”

ఎదురింటి కుక్క లేచి మొరిగింది. మెట్ల మీది జనం కింది మెట్టుదాకా ఒకరికొకరు ఆ మాట అందించుకున్నారు. పళని రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

కన్నియమ్మ కళ్ళు తెరిచింది.

“అరవబాకరా. చెవుల్లేంది నీకు, నాకు కాదు.”

“గంగ లేదు పెద్దమ్మా” అన్నాడాయన, తన లెక్కలో ఇంకా మెల్లగా.

“దాంట్లో గంగ యాడుంటాది? మా ఆయన పోయేటప్పుడు నేనే పోసేస్తిని గదా. సగం ఆయన నోట్లో, సగం దిండు మీద.”

ఏకాంబరం మంచం అంచున కూర్చున్నాడు.

“మరి... ముద్ర?”

“ఏం ముద్ర?”

“పద్మం పెద్దమ్మా. ఇరవై ఒక్క రేకులు.”

“అదా! ఖాళీ చెంబు కనపడితే కోడలు స్నానాల గదిలో పెట్టేస్తాదని కళాయి పూసేవాడిని పిలిచి మూత అతికించమన్నా. తగరం వేడిగా ఉంటే ఒత్తేదానికి వాడికేమీ దొరకలా. వాడు తాగతా ఉండిన కలర్ సోడా సీసా మూత పెట్టి ఒత్తేసినాడు.”

సరణ్య ముందుగా నవ్వింది. లేచి వెళ్ళి, వంటింటి చెత్తబుట్టలోంచి ఒక సీసా మూత తెచ్చి, వేలు పెట్టి పళ్ళు లెక్కపెట్టింది. “పెరియప్పా, కరెక్టుగా ఇరవై ఒకటి!” అని ఏకాంబరానికి చూపించి అరిచింది. ఏకాంబరం మూత తీసుకుని తానూ లెక్కపెట్టాడు. రెండుసార్లు. సాక్ష్యాన్ని స్వయంగా పరీక్షించడం మంచి అలవాటే.

“అమ్మా, గంగ లేదని తెలిసే అడిగితివా?” అన్నాడు పళని.

“నా చెంబు పైనింటి కిటికీలో తళతళలాడతా ఉంటే నాకు కనపడదా? వాకిట్లో కూర్చుంటే కంట్లో పడతాది ఆ మెరుపు. నిన్నడిగితే అటక మీదుండాదంటివి. పండగకడిగితే అటక. తద్దినానికడిగితే అటక. చచ్చిపోతా ఉండానంటే గాని నీ అటక కిందికి దిగలా!” ఆమె మోచేతి మీద లేచి కూర్చుంది. “ఇప్పుడు కాఫీ ఇయ్యండి. నిన్నటి నుంచి తిండి మానేస్తే నిజంగానే కళ్ళు తిరగతా ఉండాయి. ఆ రోజాపువ్వు ఫ్లాస్కులోది నాకొద్దు, అది ఆస్పత్రి కంపు. నా చెంబులో పొయ్యి.”

“రాగిలో కాఫీ పొయ్యకూడదు పెద్దమ్మా” అన్నాడు ఏకాంబరం. అటువంటి సమయంలో కూడా.

“అయితే నీళ్ళు తాగతా. ఇటియ్యి.” చెంబు పైకెత్తి, పెదవికి తగలకుండా, క్యాను నీళ్ళు తులసి దళంతో సహా తాగేసింది. “చింతపండు వాసనొస్తా ఉండాది. బాగా కడిగినావు” అంది.

ప్రాణం నిలబెట్టిన కథ పుట్టింది ఆ సాయంత్రం ఆమె వాకిట్లోకి వచ్చి కూర్చోవడం వల్ల. విషం కథ పుట్టింది మెట్ల మీద నాలుగో మనిషికి ‘చిలుం’ అన్న ఒక్క మాటే అందడం వల్ల. కాజేసిన కథకు మూలం మాత్రం పళని. భార్య ముందు పరువు నిలుపుకోవడానికి రెండు రోజులు ఆ మాట అని, మూడో రోజు తానే వెనక్కి తీసుకున్నాడు. వెనక్కి తీసుకున్న మాటను ఎవరూ ప్రచారం చేయలేదు.

చెంబు కన్నియమ్మ దగ్గరే ఉండిపోయింది. మారకం రద్దయింది కాబట్టి న్యాయప్రకారం రోజాపువ్వు ఫ్లాస్కు మళ్ళీ పైకి వెళ్ళింది. ఆదివారం నేను ఎగ్మూరు వెళ్ళాను. ఏకాంబరం బల్ల మీద మరచెంబులు, సిపాయి సీసాలు, దొర తుంటి సీసా వరుసగా ఉన్నాయి. నట్టనడుమ, గంగ చెంబు కోసం పరిచిన మఖమలు గుడ్డ మీద, రోజాపువ్వు ఫ్లాస్కు. రంగుతో రాసిన అట్టను తిరగేసి, వెనక వైపు ఆయన తన చేత్తో రాశాడు: ‘ఇక్కడ పెట్టవలసిన చెంబును సొంతదారు తీసుకున్నారు. దాని ముద్ర కాశీది కాదు, నా పొరపాటు.’ కార్తికేయ ఆ అట్ట తీసేయమని రెండుసార్లు అడిగాడు. ఏకాంబరానికి రెండుసార్లూ వినపడలేదు. వినపడలేదా, విననట్టు ఉన్నాడా అన్నది నేను తేల్చలేకపోయాను.

వచ్చినవారిలో ఒక పెద్దావిడ దొర సీసాను దాటి, సిపాయి సీసాను దాటి, నేరుగా ఫ్లాస్కు ముందు ఆగింది. ఆయన మొహంలోకి జాలిగా చూసింది.

“ఎవరికి నాయనా? ఏ ఆస్పత్రి?” అంది.

“అంతా ఇంట్లోనే అమ్మా” అన్నాడు ఏకాంబరం. “ఇప్పుడు బాగుండారు.”

ఇక తీర్పు. ఏకాంబరం తాగుబోతు కాడు, వైద్యుడు కాడు, దొంగ కాడు. సొంతదారును అడగకుండా ఒక చెంబు పుచ్చుకున్నాడు, అది తప్పు. చనిపోతున్న మనిషిని సోమవారం దాకా ఆగమన్నాడు, బదులు చెంబు పంపాడు. అవి అంతకంటే పెద్ద తప్పులు. ఆ ముద్ర సోడా మూతదని తర్వాత తేలింది కాబట్టి ఆయన పోగొట్టుకున్నది ఏమీ లేదని కొందరంటారు. మూత కోసినప్పుడు ఆయనకు ఆ సంగతి తెలియదు. తనకున్న వాటిలోకెల్లా గొప్పదాన్నే కోస్తున్నానని నమ్మి కోశాడు. లోపల గంగ లేదని తెలిశాక క్యాను నీళ్ళు నింపాడు. ఆ నీళ్ళు నోట్లో పోయకముందే అవి క్యాను నీళ్ళని చెప్పాడు. ఆయన చేసింది ఇంతే.